ఎవరికి సాదా?

మా సాలూరు వైపు పత్రికల్లో ఒక శీర్షిక ఏడాదికి నాలుగైదుసార్లయినా కనబడుతుంది. ‘సాదాసీదాగా సర్వసభ్య సమావేశం’. మండలం పేరు మారుతుంది, ఫొటోలో వెనక కట్టిన బ్యానరు మారుతుంది, ఈ మాట మాత్రం మారదు. కింద వార్త చదవండి. సభ్యుల్లో సగం మంది రాలేదు. రావలసిన అధికారులు తమ కింది ఉద్యోగుల్ని పంపారు. వాళ్లు తెచ్చిన కాగితాలు చదివారు. కొండ మీద ఊళ్లకు రోడ్డు లేదని, పురిటి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొస్తున్నామని ఎవరో ఒకరు లేచి అన్నారు. ‘పరిశీలిస్తాం’ అన్నారు. టిఫిన్లు తిని లేచారు.

దీన్ని సాదాసీదా అంటారా? పని ఎగ్గొట్టడం అంటారు. మోసం అన్నా తప్పు లేదు. ఆ మాట రాయడానికి దమ్ము చాలక, కొట్టుకోలేదు, కుర్చీలు విరగలేదు కాబట్టి సమావేశం చప్పగా సాగిందని చెప్పడానికి మన విలేకరులు ఒక మంచి మాటను ముసుగుగా కప్పారు. రోడ్డు సంగతి తేలకపోవడం వాళ్ల లెక్కలో రుచి తగ్గడం. వీధి పోరాటం జరిగితే ‘రసాభాస’, జరక్కపోతే ‘సాదాసీదా’. ఈ రెండు మాటల మధ్య కొండ మీది మనిషి పని ఏమైందో చెప్పే మూడో మాట వాళ్ల బల్లల మీద పుట్టనే లేదు.

సాదా ఫారసీ నుంచి వచ్చింది. కచేరీల్లో తిరిగి, అంగళ్లలో స్థిరపడి, మన వంటిళ్ల దాకా నడిచొచ్చింది. సీదా హిందీ మాట. ఏమీ కలపనిది సాదా, వంకర లేనిది సీదా. రెండూ జతపడితే ఒక మనిషికి ఇవ్వగలిగిన పెద్ద కితాబు. అలాంటి జంటను తీసుకెళ్లి పనికిమాలిన సమావేశానికి తొడిగాం. అన్నట్టు, ‘సాధారణ’కు ఇది చుట్టమేమోనని ‘సాధా’ అని ఒత్తు పెట్టి రాసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. సాదా అనే మాటకే ఒక నగ తగిలించిన ఘనులు వాళ్లు.

ఏమీ కలపలేదని చెప్పే పనికి మనకు సొంత మాటలూ ఉన్నాయి. ఉత్త, ఒట్టి. వీటికి ఉన్న నిక్కచ్చితనం చూడండి. ఉత్త అన్నం అంటే కూర లేదని. ఒట్టి చేతులంటే ఏమీ తేలేదని. ‘ఆవిడిప్పుడు ఒట్టి మనిషి కాదు’ అంటే కడుపుతో ఉందని. ఏది లేదో వినేవాడికి చెప్పనక్కర్లేదు, వాడికి తెలుసు. సాదా కూడా అంతే. హోటల్లో సాదా దోశ అంటే లోపల కూర లేదు. సాదా పాన్ అంటే తీపి లేదు. సాదా చీర అంటే బుటా లేదు, జరీ లేదు. అంగట్లో ఈ మాట అబద్ధం ఆడదు. అది ఉంది, ఇది ఉంది, నీకేది కావాలో అడుగు అంటుంది. సాదా దోశ తిన్నవాణ్ణి సర్వరు చిన్నచూపు చూడడు. డబ్బు తక్కువ పుచ్చుకుంటాడు, అంతే.

ఇంకా విచిత్రం, ఈ అర్థాన్ని మరింత నిజాయితీగా వాడిన చోటు జైలు. శిక్షాస్మృతిలో కారాగారవాసం రెండు రకాలు. చాకిరీ చేయించేది కఠినం, చాకిరీ లేనిది సాధారణం. 1860 నాటి పాత స్మృతి పోయి 2024 జులై 1న కొత్తది అమల్లోకి వచ్చినా ఈ తేడా చెక్కుచెదరలేదు. సాధారణ శిక్ష పడ్డవాడు గొప్పవాడనీ లేదు, అల్పుడనీ లేదు. ఏం తీసేశారో ఆ మాట చెబుతుంది, ఊరుకుంటుంది.

గొడవంతా సాదా అనే మాటను బతికున్న, బయట తిరుగుతున్న మనుషులకు తగిలించినప్పుడు మొదలవుతుంది. అక్కడ దానికి రెండు నాలుకలు. ఉన్నవాడు కాస్త వదులుకుంటే ‘ఎంత సాదాసీదా మనిషండీ!’ లేనివాడికి లేకపోతే ‘ఆ, సాదా మనిషేలే.’ మొదటిదానికి చప్పట్లు, రెండోదానికి పెదవి విరుపు. మాట ఒకటే, మనుషుల ఒంటి మీద చొక్కా రంగూ ఒకటే కావచ్చు. చూసే కన్ను మాత్రం ముందు ఇంటి వైపు చూసి, తర్వాత మనిషిని చూస్తుంది.

నాయకుల సంగతి తీసుకోండి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, కాళ్లకు మామూలు చెప్పులు. రోడ్డు పక్క బడ్డీలో టీ తాగిన ఫొటో. ‘నిరాడంబరుడు’ అని నలభై అడుగుల ఫ్లెక్సీ! ఆడంబరం లేదని చెప్పడానికి అంత ఆడంబరం కావలసి వచ్చిందంటే ఆ నిరాడంబరం ధర ఎంతో లెక్క వేసుకోండి. ఆ టీ కొట్టువాడు రోజూ అదే టీ తాగుతాడు. అతన్ని ఏ పత్రికా నిరాడంబరుడని రాయదు.

ఆ తెల్లబట్ట కథా మన ప్రాంతానిదే. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు. ముడిపత్తిలో చెత్తా నలకా తీయడానికి అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో దూదిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు, అంతకంటే సన్నం కూడా వడుకుతారు. యంత్రం జోలికి పోకుండా చేతి మీద ఇంత పని జరిగాక, చూడ్డానికి మిగిలేది ఒక తెల్లగుడ్డ. రంగు లేదు, పువ్వు లేదు. అక్కినేని నాగేశ్వరరావుగారు దాన్ని ఇష్టపడి కట్టారు. రాజకీయుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ గుడ్డ కొనాలంటే వడికిన మనిషి జేబు చాలదు. కట్టినవాడు సాదా మనిషని పేరు తెచ్చుకుంటాడు, వడికిన ముసలమ్మ సాదా మనిషిగానే ఉండిపోతుంది. ఆ పంచె తెలుపులో ఎన్ని గంటల చాకిరీ ఉందో కొన్నవాడు ఒకసారి అడిగి తెలుసుకుంటే, ‘సాదా’ అని అనిపించుకోవడానికి కాస్తయినా సిగ్గుపడతాడని నా ఆశ. పడడని నా అనుభవం.

ఇక్కడిదాకా చెప్పింది మాటల పొగరు. ఇది పోయినా పెద్ద నష్టం లేదు. కాని ఈ విశేషణం భూమిని కూడా మింగింది. నా కోపమంతా అక్కడుంది.

తెలంగాణలో సాదా బైనామా అంటారు. బైనామా అంటే అమ్మకపు పత్రం. స్టాంపు లేకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా మామూలు కాగితం మీద రాసుకున్నది సాదా బైనామా. మా వైపు ఇంకా సూటిగా ‘తెల్లకాగితం’ అంటారు. ‘తెల్లకాగితం మీద రాసేసుకున్నారు’ అంటే చాలు, మిగతా కథ వినేవాడికి తెలిసిపోతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నూరు రూపాయలు, ఆపై విలువ చేసే స్థిరాస్తి అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలంది. ఆ నూరు రూపాయల హద్దు ఈనాటికీ నూరే. అప్పట్లో అది భూమి ధర, ఇప్పుడు అది రెండు టిఫిన్ల ధర. అయినా పల్లెల్లో ఎకరాలకు ఎకరాలు తెల్లకాగితం మీదే చేతులు మారాయి. రిజిస్ట్రారు ఆఫీసు దూరం, స్టాంపు ఖర్చు భారం, అన్నదమ్ముల మధ్య నమ్మకం బలం.

రైతు రైతు దగ్గర నమ్మకం మీద కొన్న ఆ కాగితాలను ప్రభుత్వం కొంత దయగానే చూసింది. 1971 నాటి హక్కుల రికార్డు, పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టంలో 5-ఎ సెక్షన్ పెట్టి చిన్న, సన్నకారు రైతుల సాదా కొనుగోళ్లను క్రమబద్ధం చేసుకునే దారి ఇచ్చింది. తెలంగాణలో 2020లో ఇలాంటి దరఖాస్తులు 9 లక్షల దాకా పడ్డాయి. అవి పడుతుండగానే, వాటికి ఆధారమైన చట్టమే రద్దయి కూర్చుంది. హైకోర్టు ఆపింది. 2025లో భూభారతి చట్టం వచ్చేదాకా ఆ కాగితాలు అలా పడి ఉన్నాయి. కౌలు కాదు, కబ్జా కాదు, కొనుక్కున్న పొలంలోనే ఆ రైతులు అయిదేళ్లు దొంగల్లా బతికారు. ఒక్క విశేషణం చేసిన పని అది. పత్రానికి ముందు ‘సాదా’ ఉంది, అంతే తేడా.

మా మన్యంలో కథ దీనికి తలకిందులు. ఇక్కడ తెల్లకాగితం నమ్మకానికి గుర్తుగా రాలేదు, అప్పు వెంట వచ్చింది. కొండ కింద షావుకారు, కొండ మీద కొండదొర, జాతాపు, గదబ, కోదు, సవర. ఉప్పు, బట్ట, విత్తనం షావుకారు అప్పిచ్చేవాడు. చింతపండు, కొండచీపుర్లు, ధాన్యం ఆయన లెక్కలో పడేవి. లెక్క ఆయనది, కలం ఆయనది, కాగితం ఆయనది. గిరిజనుడిదల్లా బొటనవేలు. ‘రాయించుకున్నాడు బాబూ, ఏలిముద్ర ఎయ్యమన్నాడు, ఏసినాను’ అనే మాట ఈ కొండల్లో ఎన్ని తరాలు తిరిగిందో! కొన్నిసార్లు ఆ కాగితం మీద ఏమీ రాయకుండానే వేలు పడేది. అదీ అసలు సాదా కాగితం. తర్వాత దాని మీద ఏది పడితే అది మొలిచేది. ఒక ఏడాది అప్పు, ఇంకో ఏడాది కౌలు, చివరికి అమ్మకం.

ఈ సంగతి దొరలకు తెలియకపోలేదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల్లో కొండవాళ్ల భూములు ఇతరులకు పోకుండా చట్టం చేసింది. భూమి పోతూనే ఉంది. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూబదలాయింపు నిబంధన తెచ్చింది. భూమి ఇంకా పోయింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన సంఘ మహాసభకు వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం ఎందుకు భగ్గుమందో పుస్తకాలు నానా సిద్ధాంతాలు చెబుతాయి. నన్నడిగితే దాని అడుగున వేలిముద్రలు పడ్డ తెల్లకాగితాల కట్టలున్నాయి. ఆ మంటలు లేచాకే, 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన 1/70 సవరణ పళ్లున్న చట్టమైంది. షెడ్యూల్డు ప్రాంతంలో ఎవరు అమ్మినా గిరిజనుడికే అమ్మాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసినవాడు ఆ చేతిలో పెట్టుకున్నవాడే. దాన్ని కొట్టేయమని వెళ్లినవాళ్లకు 1988లో సుప్రీంకోర్టు కుదరదంది.

అంటే ఆ ప్రాంతంలో తెల్లకాగితానికి చట్టం ఇచ్చిన విలువ సున్నా. మరి దందా ఆగిందా? పేరు మార్చుకుంది. గిరిజనుడి పేరున బినామీ అంది, లీజు అంది, ‘ఊరి పెద్దల సమక్షంలో ఒప్పందం’ అంది. పైగా మా వైపు గిరిజనులున్న ఊళ్లన్నీ షెడ్యూలులో లేవు. చేర్చమని దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఆ ఊళ్లలో 1/70 వర్తించదు. కొండా అదే, మనిషీ అదే, అప్పూ అదే. గీత ఇటు పడింది కాబట్టి కాగితం పనిచేస్తుంది! ఆఫీసులో అడిగితే ‘అవి సాదా గ్రామాలండీ, నాన్ షెడ్యూల్డు’ అనే గుమాస్తాను నేను విన్నాను. సాదా గ్రామమట! రక్షణ లేని గ్రామానికి ఎంత ముద్దుపేరు! ఇక మా ఊరు కదలకుండానే విశాఖపట్నం జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళానికి, 1979లో విజయనగరానికి, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యానికి మారింది. జిల్లా మారినప్పుడల్లా గిరిజనుడు పాత రికార్డు కోసం తిరగవలసిన ఊరూ మారింది.

ఇన్నేళ్ల దోపిడీకి పత్రికలు, సినిమాలు కలిసి ఇచ్చిన బిరుదు ఒకటుంది. ‘అమాయక గిరిజనులు’. ఎక్కడ భూమి పోయినా, ఎక్కడ బ్యాంకు అప్పు వేరేవాడు ఎత్తుకున్నా ఈ విశేషణం ముందు వాలుతుంది. ఏమి అమాయకత్వం? ఏ వానకు ఏ విత్తనం చల్లాలో, ఏ చెట్టు బెరడు ఏ జ్వరానికో తెలిసినవాడు, రెండు మూడు భాషలు మాట్లాడేవాడు అమాయకుడా? చదువు చెప్పనిది ఎవరు? చట్టం వాడి భాషలో వినిపించనిది ఎవరు? ‘అమాయక’ అనేసరికి మోసపోవడం వాడి గుణమైపోయింది, మోసం చేసినవాడు వాక్యంలోంచే తప్పుకున్నాడు. సాదాకు ఇది సవతి చెల్లెలు.

మా మాటకూ ఇదే గతి. ‘ఏటి’, ‘ఎల్తన్నావు’, ‘గుంటడు’ అన్నామా, తెరమీద వంటవాడు, బంట్రోతు, బురద కాళ్ల వెర్రిబాగులవాడు తయారు. హీరోకు ఈ యాస రావడం ఎంత అరుదో మీకు తెలుసు. సూటిగా, సాగదీయకుండా మాట్లాడితే బుద్ధి తక్కువని ఎవరు చెప్పారు వీళ్లకి? వాడుక భాషకోసం దేశంతో తగువు పెట్టుకున్న గిడుగు రామమూర్తి ఈ శ్రీకాకుళం మట్టివాడే. ఆ మాటను ‘గ్రామ్యం’ అని తిట్టినవాళ్లతో జీవితమంతా కలబడ్డాడు. అక్కడితో ఆగక కొండ మీది సవర భాష నేర్చి, 1938లో నిఘంటువు అచ్చు వేయించాడు. పండితులు భాషే కాదన్నదానికి నిఘంటువు కట్టాడాయన! గురజాడ 1914లో వాడుక భాష వైపు నిలిచి మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసింది విజయనగరం నుంచే. చాసో అదే ఊళ్లో కూర్చుని ఒక్క మాట ఎక్కువ కాకుండా కథలు రాశాడు. అలా రాయడం ఎంత కష్టమో ప్రయత్నించినవాణ్ణి అడగండి. ఈ ముగ్గురి పేర్లూ చెప్పుకుని ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవాన దండలు వేసి, సాయంత్రానికి ‘సభ సాదాసీదాగా ముగిసింది’ అని రాసుకునే జాతి మనది.

సాలూరులో పుట్టినవాడికి చాసిస్ అంటే చెప్పక్కర్లేదు. కంపెనీ నుంచి వచ్చిన చాసిస్‌కి ఇక్కడి షెడ్లలో బాడీ కడతారు, రంగులు వేస్తారు, పేర్లు రాస్తారు. అప్పుడది ఘాటెక్కి ఒడిశా వైపు సరుకు మోస్తుంది. బాడీ కట్టని చాసిస్‌ను చూసి ఏ మేస్త్రీ అయినా ‘సాదా లారీ’ అంటాడా? ‘ఇంకా పని ఉంది’ అంటాడు. రోడ్డు లేని కొండ ఊరును చూసి కలెక్టరాఫీసు అనవలసిందీ, పత్రిక రాయవలసిందీ ఆ మాటే.

విలేకరి మిత్రులారా, సమావేశంలో ఏ ఊరి రోడ్డు అడిగారు, ఎవరు జవాబు చెప్పలేదు, రావలసిన అధికారుల్లో ఎవరు రాలేదు, ఈ మూడూ రాయండి. శీర్షికలో సాదాసీదా కొట్టేయండి. ‘అమాయక’ కనబడితే దాన్నీ కొట్టి, మోసం చేసినవాడు ఎవడో ఆ ఖాళీలో పెట్టండి. పేరు రాయడానికి భయమైతే కనీసం వృత్తి రాయండి.

కొండ మీది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ, ఎవడైనా తెల్లకాగితం తెచ్చి వేలు వేయమంటే, అది చదివి వినిపించే మూడో మనిషి వచ్చేదాకా వేలు ముడిచి పెట్టుకోండి. ఇప్పటికే వేసి ఉంటే, మీది షెడ్యూల్డు గ్రామమైతే, గిరిజనేతరుడికి జరిగిన ఆ అమ్మకం చెల్లదు. భూమి వెనక్కి ఇప్పించమని గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో అడగవచ్చు. షెడ్యూలులో లేని ఊరైనా వకీలు ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద షెడ్యూల్డు తెగల మనిషికి ఆదాయం ఎంతన్న ప్రశ్న లేకుండా ప్రభుత్వమే వకీలును పెట్టాలి. దానికి స్టాంపు అక్కర్లేదు, రుసుము లేదు. అర్జీ తెల్లకాగితం మీద రాసిస్తే చాలు.